లాడము తీసిన గుఱ్ఱము

జట్కాబండ్లు మన పట్టణములలో తిరుగుచుండిన కాలము నెఱిగిన పెద్దలకు లాడము కొట్టు దృశ్యము క్రొత్త కాదు. పనివాడు గుఱ్ఱపు కాలిని తన మోకాళ్ళ నడుమ ఇరికించుకొని, గిట్టను చెక్కి, ఇనుప లాడము నమర్చి, మేకులు దిగగొట్టును. గుఱ్ఱము కదలక నిలుచుండును. చుట్టును మూగిన పిల్లలు మేకు దిగినప్పుడెల్ల తమ కాలిలోనే దిగినట్లు ముఖములు చిట్లించుకొందురు. నేడు ఐరోపా, అమెరికా ఖండములలో గుఱ్ఱములను పెంచువారిలో కొందరు దీనికి విపరీతమైన పనికి పూనుకొనుచున్నారు. ఏండ్ల తరబడి లాడములతో తిరిగిన గుఱ్ఱమునకు వానిని ఊడదీసి, మరల ఉత్త పాదములతో నడచుట నేర్పుచున్నారు. లాడము లూడదీయుట ఒక గంట పని. నడచుట నేర్పుట ఒక సంవత్సరపు పని. ఈ భేదమును గుర్తింపని చోట్ల, దయతో చేసిన పనియే గుఱ్ఱమును కుంటిదానిని చేయుచున్నది. కావున ఈ విషయమును కొంత వివరముగా శ్రోతలకు విన్నవింపదలచితిమి.

గుఱ్ఱము పాదముపై నిలుచుచున్నదని వాడుకలో అందుము. శరీరశాస్త్రము ననుసరించి చూచినచో అది ఒక్కొక్క కాలికి ఒక్కొక్క వ్రేలి కొనపై నిలుచుచున్నది. మన నడిమి వ్రేలికి సాటియైన వ్రేలు మాత్రమే దానికి మిగిలి, తక్కినవి యుగములు గడచిన కొలది క్షీణించిపోయినవి. ఆ వ్రేలి చివరి యెముకను చుట్టుకొనియున్న గోరే గిట్ట. వెలుపల మనకు కనబడు దళసరి గోడ, వెండ్రుకలు ముగియు అంచున పుట్టి క్రిందికి దిగుచుండును. మన గోటి కొనకు వలెనే దాని వెలుపలి భాగమునకు స్పర్శజ్ఞానము లేదు. నేర్పరియైన పనివాని మేకు దిగునది అచ్చటనే. కాని అదే గోడ లోపలి ముఖము వందలకొలది సన్నని పొరలచే ఎముకను అంటిపెట్టుకొని యుండును. అవి ప్రాణమున్న పొరలు. గుఱ్ఱపు బరువంతయు వానిపై వ్రేలాడుచున్న దన్నను తప్పులేదు. అడుగున కొంచెము లోపలికి వంగిన అరికాలు, దాని నడుమ మడమల నుండి ముందునకు కోసుగా సాగిన రబ్బరు వంటి ముద్ద ఉండును. ఆంగ్లేయులు ఈ ముద్దకు కప్పయని పేరు పెట్టిరి. ఎంత తేఱిపాఱ జూచినను కప్ప పోలిక మాకు కనబడలేదు గనుక దానిని ‘మెత్త’ యని పిలుచుకొందము.

కాలు నేలపై మోపినప్పుడు ఆరోగ్యమైన గిట్ట మడమల వైపున కొంచెము విచ్చుకొనును. ఎత్తినప్పుడు మరల దగ్గరకు వచ్చును. మెత్తయు, దాని పైనున్న దిండు వంటి సాగుడుగల కణజాలమును అదురును గ్రహించును. ఈ విచ్చుకొనుట, ముడుచుకొనుటలలోనే పాదములోని నెత్తురు కూడ పైకి పోవుటకు తోడ్పాటు కలుగును. ఇట్లు చూచినప్పుడు గిట్ట ఒక మొద్దు కాదు. అడుగడుగునకు పనిచేయు యంత్రమని తెలియగలదు.

ఇట్టి యంత్రమునకు అంచు చుట్టును ఇనుము బిగించినచో ఏమగును? గోడ అరిగిపోదు. అందులకే కదా లాడము పుట్టినది! కాని అరుగని గోడ పెరుగుచునే యుండును గనుక ఆరు, ఎనిమిది వారముల కొకసారి లాడము తీసి, గిట్ట చెక్కి, మరల కొట్టవలసి యుండును. లాడపు మందము చేత అరికాలును, మెత్తయు నేలకు దూరమగును. రాయి గ్రుచ్చుకొనదు, నిజమే. అయితే రాయి తగులని అరికాలు గట్టిపడదు. నేల తగులని మెత్త పనిలేక కృశించును. మడమలు విచ్చుకొనుట తగ్గి కొన్ని గుఱ్ఱములలో అవి లోపలికి ముడుచుకొనిపోవును. చిన్ననాటి నుండి మేజోళ్ళు, బూట్లు తొడిగి పెంచిన బిడ్డను ఒక్కనాడు కంకర దారిపై చెప్పులు లేక నడిపించినచో ఆ పాదముల గతి యేమగునో యోచింపుడు. లాడము ఊడదీసిన దినమున గుఱ్ఱము పరిస్థితి అదియే.

ఇంతమాత్రమున లాడము కనిపెట్టినవారు క్రూరులని తీర్మానింపరాదు. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో అశ్వశిక్షను గుఱించి గ్రీకు భాషలో గ్రంథము రచించిన సేనాని జెనోఫన్ లాడమును ఎఱుగడు. గుఱ్ఱపుసాల ముంగిట నాలుగైదు బండ్ల గుండ్రని రాళ్ళు, ఒక్కొక్కటి చేతికి పట్టునంతటివి, పఱచి, అవి చెదరిపోకుండ చుట్టును ఇనుప కట్టు ఏర్పఱచి, గుఱ్ఱమును వానిపై నిలుపవలయుననియు, ఆ రాళ్ళపై అటునిటు కదలుటచే గిట్టలు గట్టిపడుననియు ఆయన సలహా. ఇది యిప్పటికిని చెల్లుచున్నది. నేటి గుఱ్ఱపుసాలల ముంగిళ్ళలో బఠానీ గింజలంతటి గులకరాళ్ళు పోయుచున్నవారు ఆ పురాతన విధానమునే చిన్న రాళ్ళతో నడుపుచున్నారు. అదే జెనోఫన్ వేరొక గ్రంథములో, ఆర్మీనియా మంచులో గుఱ్ఱములు పొట్టల వరకు కూరుకొనిపోకుండ వాని పాదములకు చిన్న సంచులు కట్టు పద్ధతిని ఆ గ్రామపు పెద్ద తమకు తెలిపెనని వ్రాసినాడు. రోమనులు లోహపు తొడుగులను తోలుపట్టీలతో గిట్టలకు కట్టిరి. మేకులతో బిగించు లాడము ఐరోపాలో విరివిగా వ్యాపించినది క్రీస్తుశకము తొమ్మిది, పది శతాబ్దుల తరువాతనే. తడినేలల దేశములలో, పేడ, మూత్రములు నిండిన సాలలలో నిలిచి మెత్తబడిన గిట్టలు, బరువైన బండ్లతో రాతిబాటలపై నడచినప్పుడు పెరిగిన దానికంటె ఎక్కువ అరిగిపోయెను. ఆ కష్టమునకు లాడమే పరిష్కారమైనది. మన పల్లెలలో బండి యెద్దులకు, గిట్ట రెండుగా చీలియుండుటచే, కాలికి రెండేసి బిళ్ళలు కొట్టించుట వెనుకను ఇదే లెక్క యున్నది: అరుగుదల పెరుగుదలను మించినప్పుడు ఇనుము అవసరమగును.

మరల లాడమును ప్రశ్నించుట యిరువదవ శతాబ్ది చివరి భాగమున బలపడినది. జెయిమీ జాక్సన్ అను అమెరికా దేశపు లాడముల పనివాడు 1982 మొదలు కొన్ని సంవత్సరములు ఆ దేశపు పశ్చిమ భాగమున స్వేచ్ఛగా తిరుగు ముస్టాంగు గుఱ్ఱముల గిట్టలను పరిశీలించి, 1992లో గ్రంథము ప్రకటించినాడు. పొడినేలపై, రాళ్ళపై దూరములు నడచు ఆ గుఱ్ఱముల గిట్టలు పొట్టివిగా, గోడలు దళసరిగా, అంచులు గుండ్రముగా నుండుట ఆయన చూచెను. ఈ గిట్టను నమూనాగా గొని పెంపుడు గుఱ్ఱముల పాదములను తీర్చు పద్ధతి అటుపిమ్మట వ్యాపించినది. ఇక్కడ ఒక మాట చెప్పవలసి యున్నది. అడవి గుఱ్ఱమన్నంత మాత్రమున పాదము నిర్దోషమని తలచుట పొరపాటు. న్యూజీలండులోని కైమనావా ప్రాంతపు అడవి గుఱ్ఱముల పాదములను క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరీక్షింపగా వానిలో లోపములు మిక్కుటముగా కనబడినవి. గిట్టను తీర్చునది అడవి కాదు. నేల, నడక, మేత. ఈ మూడును ఎట్లుండునో గిట్ట అట్లుండును.

2021లో జరిగిన టోకియో ఒలింపిక్ క్రీడలలో స్వీడను దేశపు రౌతులు అడ్డుదూకు పోటీలో జట్టు స్వర్ణపతకమును గెలిచిరి. ఆ జట్టు మూడు గుఱ్ఱములలో ఆల్ ఇన్, కింగ్ ఎడ్వర్డ్ అను రెండింటికి లాడములు లేవు. ఆల్ ఇన్ తన రౌతు పీడర్ ఫ్రెడ్రిక్‌సన్‌కు వ్యక్తిగత రజతమును కూడ తెచ్చినది. ఆ వార్త విన్నవారికి తమ గుఱ్ఱమునకు రేపే లాడములు తీయింతమని తోచుట సహజము. కాని ఆ గుఱ్ఱములు దూకినది శ్రద్ధతో సిద్ధపఱచిన ఇసుక మైదానముపై. వాని పాదములను నిత్యము కనిపెట్టి చూచు నిపుణులు వెంట నుండిరి. ఫ్రాన్సు దేశపు దుడుకునడక పందెములలో గుఱ్ఱమునకు వేగము హెచ్చుటకై ఆ ఒక్కనాటికి లాడములు తీసివైచు ఆచారమున్నది. ఏయే కాళ్ళకు తీసినదియు పందెపు పట్టికలోనే అచ్చువేయుదురు. అది గిట్టను మార్చుట కాదు; బరువు తగ్గించుట మాత్రమే. మనము చెప్పుకొనుచున్నది వేరు.

ఇక పని విధానము. మొదట కాలమును ఎన్నుకొనవలయును. పూర్వము ఇంగ్లండులో వేటగుఱ్ఱములకు వేట ఋతువు ముగియగానే లాడములు తీసి వేసవి యంతయు పచ్చికపై విడిచెడివారు. ఆ విశ్రాంతి కాలమే ఈ మార్పునకు కూడ అనుకూలము. గుఱ్ఱముచే పని చేయించుకొనవలసిన నెలలో ఈ ప్రయత్నము తగదు. వానలలో నానిన అరికాలు మెత్తనై గాయపడును గనుక నేల పొడిగా నున్న దినములు మేలు. తీయునప్పుడు మేకుల మడతలను ఆకురాయితో అరగదీసి, ఒక్కొక్క మేకును విడిగా లాగవలయును. లాడమును పటకారుతో ఒక్కసారిగా పెకలించినచో గోడ పెళ్ళలు పెళ్ళలుగా ఊడివచ్చి, మొదటి దినముననే ఆరు నెలల నష్టము కలుగును.

లాడము తీసిన పిదప చెక్కుడుపని చాల తక్కువగా నుండవలయును. ఇచ్చటనే అనేకులు చెడిపోవుచున్నారు. లాడము కొట్టుటకు ముందు అరికాలిని నున్నగా చెక్కుట అలవాటైన చేయి, ఇప్పుడును కత్తి పట్టి అరికాలిని శుభ్రము చేయబోవును. కత్తి పెట్టరాదు. అరికాలు పదిహేను మిల్లీమీటర్ల మందమున్నచో గుఱ్ఱము రాతిపై ధైర్యముగా నడచును. లాడములతో పెరిగిన అనేక గుఱ్ఱములకు అంత యుండదు. ఉన్న ప్రతి మిల్లీమీటరును దాచుకొనవలయును. చేయవలసిన దేమనగా గోడ అంచును గుండ్రముగా రాచి, చీలికలు పైకి ప్రాకకుండ చూచుట. అటుపిమ్మట నాలుగు మొదలు ఆరు వారముల కొకసారి కొంచెము కొంచెముగా తీర్చుచుండవలయును.

గోడ నెలకు ఆరు మొదలు పది మిల్లీమీటర్ల వరకు పెరుగును. మడమలు పొట్టివి గనుక నాలుగైదు మాసములలో క్రొత్తవి వచ్చును. ముందరి కొన పూర్తిగా మారుటకు తొమ్మిది మొదలు పండ్రెండు మాసములు పట్టును. ఓపికగల యజమానికి ఈ కాలమంతయు ఒక చదువు. వెండ్రుకల అంచు క్రింద క్రొత్త గోడ దిగుచున్నప్పుడు అది పాతగోడ కంటె నిటారుగా, బిగువుగా దిగుట కంటికి కనబడును. మేకుల రంధ్రములు మాసమాసమునకు క్రిందికి జారి, చివరకు ఆకురాయి క్రింద మాసిపోవును. మేత మారినను, జ్వరము తగిలినను గోడపై ఒక గీత పడును. ఆ గీత యెంత దిగినదో కొలిచి ఆ సంగతి యే మాసమున జరిగినదో చెప్పవచ్చును.

నడక విషయమున తొలుత విచిత్రమని తోచు సంగతి యొకటి కలదు. మెత్తని నేల మంచిదనియు, తారురోడ్డు చెడ్డదనియు మనము తలచెదము. నున్నని తారురోడ్డుపై క్రొత్తగా లాడము తీసిన గుఱ్ఱము సుఖముగానే నడచును. దానికి బాధాకరమైనది కంకర చల్లిన బాట. కనుక మొదటి వారములలో పగ్గము పట్టుకొని, రౌతు ఎక్కకుండ, నున్నని గట్టిదారిపై పది నిమిషములు నడిపించి, వారమువారము కొంత పెంచవలయును. పగలంతయు చిన్న గులకరాళ్ళ ముంగిట తిరుగనిచ్చినచో నడకకు నడకయు, అరికాలికి వ్యాయామమును సమకూరును. రాళ్ళదారి తప్పనిచో తాత్కాలికముగా తొడుగు రబ్బరు బూట్లు దొరకుచున్నవి. లోపల మెత్తని పొర వేసి వీనిని తొడిగించి పనిచేయించవచ్చును. ఇల్లు చేరగానే విప్పివేయవలయును. గుఱ్ఱపు బరువులో నూటికి అరువది పాళ్ళు ముందుకాళ్ళపై బడును గనుక, కొందరు వివేకులు తొలుత వెనుక కాళ్ళకు మాత్రమే లాడములు తీసి, అవి కుదుటపడిన పిమ్మట ముందుకాళ్ళ జోలికి పోవుదురు. ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది.

గుఱ్ఱమునకు నోరు లేదు. బాధ కలిగినను కుక్కవలె అరవదు. పులుల నడుమ బ్రదికిన జాతి గనుక నొప్పిని దాచుకొనుటయే దాని స్వభావము. అందుచే దాని అడుగు చూచి తెలిసికొనవలయును. ప్రక్కన నిలిచి చూచినప్పుడు మడమ ముందుగా గాని, పాదమంతయు సమముగా గాని నేలను తాకుచున్నచో మార్పు సరియైన దారిలో నున్నది. కొన ముందుగా తాకుచున్నచో వెనుకభాగమున నొప్పి యున్నదనుట. అడుగులు పొట్టివగుట, దారి నడుమ నుండి పచ్చిక అంచునకు తప్పుకొనుట, నిలిచినప్పుడు బరువును ఒక కాలినుండి మరియొక కాలికి మార్చుచుండుట, ఇవన్నియు దాని ఫిర్యాదులే. మొదటి వారములలో రాళ్ళపై కొంచెము జంకుట సహజమే. కాని గిట్ట చేతికి వేడిగా తగిలినచో, గిట్టకు పైనున్న కీలు వెనుక ప్రక్కలను వ్రేలు పెట్టి చూచినప్పుడు నాడి బలముగా ఎగసి కొట్టుచున్నచో, అది జంకు కాదు, వ్యాధి. పశువైద్యుని పిలువవలయును. “కొన్నాళ్ళు బాధపడినగాని పాదము గట్టిపడదు” అని చెప్పు ఉపదేశకులు కొందరున్నారు. నొప్పిచే మడమ మోపని గుఱ్ఱము మెత్తకు పని కల్పింపదు. పనిలేని మెత్త బలపడదు. కావున బాధపెట్టుట నిర్దయయే కాక నిష్ఫలము కూడ.

మెత్త ప్రక్కల గాళ్ళలో నల్లని దుర్గంధపు ద్రవము కనబడినచో అది తడిపేడలో నిలుచుటవలన వచ్చు కుళ్ళు. పొడిసాలయు, దినమునకు రెండుమారులు గిట్ట తుడుచుటయు దానికి తగిన మందు.

మేత సంగతి చివరకు వచ్చినదని దానిని అల్పముగా నెంచవలదు. మా అభిప్రాయమున ఈ ప్రయత్నములు భగ్నమగుటకు కత్తికంటె మేతయే తఱచు కారణము. లేత పచ్చికలో చక్కెర హెచ్చు. ఎండ బాగుగా కాసిన దినము సాయంకాలమునను, గడ్డకట్టు చలిరాత్రి తెల్లవారిన పిమ్మటను మరింత హెచ్చు. ధాన్యపు దాణాలో పిండిపదార్థము హెచ్చు. ఇవి రక్తములో ఇన్సులిన్‌ను పెంచును. 2007లో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆరోగ్యముగానున్న పొట్టి గుఱ్ఱములకు ఇన్సులిన్‌ను అధికముగా ఎక్కించగా, గోడను ఎముకకు పట్టియుంచు పొరలు చెడి లామినైటిస్ వ్యాధి కలుగుట కనిపెట్టిరి. మధుమేహమును గుఱించి నిత్యము వినుచున్న మన ఇండ్లలో ఇన్సులిన్ పేరు క్రొత్తది కాదు. అది గుఱ్ఱపు పాదమును కూడ పాడుచేయుట మాత్రము మనకు వింత. వ్యాధి పూర్తిగా బయటపడక ముందే ఆ పొరలు సున్నితమగును. లాడమున్నంత కాలము ఆ నొప్పి కప్పబడి యుండును. లాడము తీయగానే గుఱ్ఱము కుంటును. యజమాని లాడము లేకపోవుటయే కారణమని నిశ్చయించును. కాబట్టి లాడము తీయుటకు రెండు మూడు మాసములు ముందుగానే దాణా తగ్గించి, ఎండుగడ్డిని నీట నానబెట్టి చక్కెర పోగొట్టి పెట్టుట మంచిది. గిట్టకు బలమని అమ్ముచున్న మందులలో బయోటిన్‌కు ఆధారము కలదు. లిపిజానర్ జాతి గుఱ్ఱములకు దినమునకు 20 మిల్లీగ్రాముల చొప్పున ఇచ్చి చూడగా గిట్ట బాగుపడినది. కాని ఆ ఫలితము కనబడుటకు తొమ్మిది మాసములు పట్టినది. ఇక్కడను కాలమునకు తప్పుదారి లేదు.

ఈ పని యెవరిచేత చేయించవలయునను ప్రశ్న చిన్నది కాదు. బ్రిటనులో 1975 నాటి చట్టము ప్రకారము నమోదైన పనివాడే గుఱ్ఱమునకు లాడము కొట్టవలయును. లాడము కొట్టకుండ గిట్టను తీర్చుట మాత్రము ఆ చట్టము పరిధిలోనికి రాదు. కొన్ని వారములు చదివినవాడును ఆకురాయి పట్టవచ్చును. పూర్ణమైన శిక్షణ పొందినవారు అందులో లేకపోలేదు గాని, యజమాని విచారించుకొనుట అవసరము. మంచి పనివాని గుర్తు మాకు ఒక్కటి తెలియును: ‘నీ గుఱ్ఱమునకు ఇది తగదు’ అని చెప్పగలవాడు.

తగని గుఱ్ఱములు ఉన్నవి. దినమంతయు రాతిబాటపై బరువులాగు గుఱ్ఱమునకు అరుగుదల పెరుగుదలను మించును. విశ్రాంతియు, బూట్లును, మంచి మేతయు నిచ్చు స్తోమత దాని యజమానికి ఉండదు; లాడము తీసినచో ఆ కుటుంబపు కూడును, గుఱ్ఱపు కాలును రెండును పోవును. ఎముకలో వికృతి యుండి, వైద్యుని సలహాతో ప్రత్యేకపు లాడము ధరించునదియు ఆ కోవకు చెందినదే. అరికాలు పుట్టుకతోనే పలుచనై, ఎనిమిది మాసముల శ్రమకును బలపడని గుఱ్ఱములు కొన్ని యుండును. అట్టిదానికి మరల లాడములు కొట్టించినవారిని వెక్కిరించు మాటలు మేము వింటిమి. ఆ ఎనిమిది మాసములలో విచ్చుకొన్న మడమలు, దళసరియైన గోడ దానికి మిగిలియే యున్నవి. పనివాడు ఈమారు మేకులను మునుపటి కంటె మంచి గోడలోనికి దింపును.